మందలిచ్చుడు

"తొవ్వల ఎదురువడ్డా మందలియ్యకుంట వోయిండు." కోరుట్లలోనో జగిత్యాలలోనో ఈ మాట విన్న గుంటూరు మనిషి తికమకపడతాడు. మందలించకుండా పోతే మంచిదే కదా, దానికింత బాధెందుకు? ఆయన వైపు మందలించడమంటే తప్పు చేసినవాణ్ణి కాస్త మెత్తగా కోప్పడడం. పంతులు పిల్లవాణ్ణి మందలిస్తాడు, హైకోర్టు అధికారులను మందలించిందని పత్రికలు రాస్తాయి. పాత కరీంనగర్ జిల్లాలో మందలిచ్చుడంటే పలకరించడం. ఎదురైన మనిషి దగ్గర ఆగి "మంచిగున్నవా? ఏం మందల?" అని అడగడం. మందల అంటే సంగతి, కబురు. తెలిసిన మనిషి ఈ ఒక్క ప్రశ్న వేయకుండా పోతే అక్కడివాళ్లకు అది చిన్నతనం, ఏళ్లకేళ్లు గుర్తుండే నొప్పి.

క్రైస్తవ విశ్వాసాన్ని ముక్కూమొహం తెలియనివాళ్లతో పంచుకోవడం గురించి ఆలోచించినప్పుడల్లా నా మనసు ఈ మాట దగ్గర ఆగుతుంది. సువార్త అంటే మంచి కబురు. కరీంనగర్ యాసలో చెప్పాలంటే మంచి మందల. జగిత్యాల మర్యాదలో మాత్రం మన మందల చెప్పే ముందు ఎదుటివాళ్ల మందల అడగాలి. ఆ వరస తప్పితే ఎంత మంచి కబురైనా చెవిదాకా పోదు.

కొత్త నిబంధన గ్రీకులో దీనికి దగ్గరి మాట ఒకటుంది, పరాక్లేసిస్. పరా అంటే పక్కన, కలేయో అంటే పిలవడం. పక్కన చేరి పలికే ప్రతి మాటా అందులో ఇముడుతుంది: ఓదార్చడం, ధైర్యం చెప్పడం, బతిమాలడం, వెనక్కి తగ్గుతున్నవాణ్ణి ముందుకు నడిపించడం. విశాఖపట్నంలో 1805లో దిగిన క్రాన్, డెస్ గ్రాంజెస్ పండితుడు ఆనందరాయర్ సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. 1812లో తొలి సువార్తలు సేరంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తరవాత ఎన్నో చేతులు దిద్దగా వచ్చిన మన బైబిలు ఈ ఒక్క గ్రీకు మాటను పలు చోట్ల పలు విధాలుగా చెప్పింది. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదట్లో అది ఆదరణ. యోహాను సువార్తలో దాని తోబుట్టువైన పరాక్లేతోస్ ఆదరణకర్త. హెబ్రీ పత్రిక మూడో అధ్యాయంలో బుద్ధి చెప్పుకోవడం. రోమా పత్రిక పన్నెండో అధ్యాయంలో హెచ్చరించడం. అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలో యోసేపు అనే కుప్ర ద్వీపవాసికి అపొస్తలులు బర్నబా అని పేరు పెడతారు. దాని అర్థం మన బైబిల్లో "హెచ్చరిక పుత్రుడు".

హెచ్చరిక అనగానే నేటి చెవికి ట్రాన్స్‌ఫార్మర్ మీది పుర్రె బొమ్మే గుర్తొస్తుంది. కానీ ఆ మాట ఇలా బిగుసుకుపోయింది ఈ మధ్యనే. కన్నడంలో ఎచ్చర అంటే మెలకువ, ఎచ్చరిక దాని నుంచి వచ్చిందే. మన పాత కొలువుల్లో దొర నడిచి వస్తుంటే పక్కనున్న పరిచారకులు "హెచ్చరిక, పరాకు" అని పలికేవారు. త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో రాముణ్ణి మెల్లగా, జాగ్రత్తగా నడిచి రమ్మని పిలిచే హెచ్చరిక ఉంది. అందులో బెదిరింపు లేదు. ఉన్నదల్లా ప్రేమ, పక్కన నడిచే మనిషి గొంతు. అనువాదకుల చెవిలో ఈ రాగం మోగిందో లేదో గానీ, పరాక్లేసిస్‌కు ఇంత సరిపోయే తెలుగు మాట ఆ కాలంలో మరోటి దొరకదని నాకనిపిస్తుంది. నష్టం తరవాత జరిగింది. మాట బిగుసుకుపోయినకొద్దీ ప్రసంగాలూ బిగుసుకుపోయాయి. వీధి మలుపులో మైకు పెట్టి, ఆగి వినని జనాన్ని నరకం పేరు చెప్పి గద్దించేవాళ్లు తాము చేసేది హెచ్చరికే అనుకుంటున్నారు. తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయం గద్దింపునూ హెచ్చరికనూ విడదీసింది. పెద్దవాణ్ణి గద్దించకుండా తండ్రిలా చూసి హెచ్చరించమని అక్కడి మాట.

బర్నబా చేసిందేమిటో చూస్తే అనుమానం తీరిపోతుంది. ఒకప్పుడు విశ్వాసులను హింసించిన సౌలు యెరూషలేముకు వచ్చినప్పుడు, అతణ్ణి చూసి అందరూ భయపడుతుంటే ఆయన ఒక్కడే సౌలును దగ్గరికి తీసుకుని అపొస్తలుల ముందుకు తీసుకుపోయాడు. ఎవరూ పలకరించని మనిషిని మందలిచ్చినవాడు ఆయన.

సిరిసిల్లలో సాంచాల షెడ్డులోకి అడుగుపెడితే పరాక్లేసిస్ అర్థం కళ్లకు కనిపిస్తుంది. పవర్‌లూమ్‌ను అక్కడ సాంచ అంటారు. వరసగా నడుస్తున్న సాంచాల చప్పుడులో గుమ్మం దగ్గర నిలబడి ఎంత అరిచినా మాట చేరదు. కార్మికుడు ఒక సాంచ నుంచి ఇంకో సాంచకు తిరుగుతూ తెగిన పోగు అతుకుతూనే ఉంటాడు. ఆయనతో మాట్లాడాలంటే పక్కకు పోవాలి, ఆయనతోపాటు నడవాలి, చెవి దగ్గర చెప్పాలి. నేత కార్మికుల చావులు చూసి పత్రికలు సిరిసిల్లను ఉరిసిల్ల అని రాసిన రోజులున్నాయి. 2017 నుంచి కొన్నేళ్లపాటు బతుకమ్మ చీరల ఆర్డర్లు కొంత పని ఇచ్చాయి, అయినా పని ఆగిన నెలల భయం పోలేదు. అప్పుల్లో మునిగిన ఇంటికి పోయి "ఏం మందలన్నా?" అని కూర్చున్నవాడు విశ్వాసం సంగతి ఎత్తకపోయినా పరాక్లేసిస్ మొదలుపెట్టినట్టే.

కోరుట్లలో బీడీలు చేసే అక్క దగ్గరా అంతే. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, దారం. మాట్లాడుతున్నా ఆమె చేతులు ఆగవు. వచ్చినవాళ్లు కిందే కూర్చోవాలి. "పెద్దోడు దుబాయిలనే ఉన్నడా? ఫోన్ చేస్తున్నడా?" అని అడిగితే ఆమె మందల మొదలవుతుంది, అది చాలాసేపు సాగుతుంది. జగిత్యాల, కోరుట్ల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లలో కొందరికి అక్కడి శుక్రవారం తెలుగు ఆరాధన తెలిసిందీ ఇలాగే. లేబర్ క్యాంపులో పక్క మంచం మనిషి జ్వరమొచ్చినప్పుడు గంజి తెచ్చి, ఇంటి సంగతి అడిగాడు. తన ప్రార్థన గురించి చెప్పింది ఆ తరవాతే.

నైజాం రాజ్యంలోని దోర్నకల్‌లో పనిచేసిన అజరయ్య 1910లో ఎడిన్‌బర్గ్ మిషనరీ మహాసభలో అడిగింది కూడా ఇదే. మిషనరీల త్యాగాన్ని, దానాన్ని మెచ్చుకుంటూనే, తమకు స్నేహితులు కావాలన్నాడు. 1912లో ఆయన దోర్నకల్ బిషప్ అయ్యాడు. దానం చేసినవాడు ఎదుటివాడి మందల అడగకుండానే పోవచ్చు. స్నేహితుడికి ఆ వీలు లేదు.

మన రాజ్యాంగం 25వ అధికరణంలో మత ప్రచారం హక్కుగా ఉంది. ఎదుటివాణ్ణి మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ గీత నాకు ఇబ్బందిగా అనిపించదు. దుఃఖంలో ఉన్నవాడి బలహీనతను అదనుగా తీసుకుని నమ్మించడం మందలిచ్చుడు కాదు, అది బేరం.

వ్యాకరణం కూడా ఒక సంగతి చెబుతుంది. "సువార్తను వారికి ప్రకటించాడు" అన్నప్పుడు కర్మ సువార్త, మనుషులు 'కి' ప్రత్యయం తగిలి పక్కకు జరిగిపోయారు. "వాళ్లను మందలిచ్చిండు" అన్నప్పుడు కర్మ మనుషులే. ప్రకటించడం ఎదుటివాడు నోరు విప్పకపోయినా పూర్తవుతుంది, మందలిచ్చుడు ఆయన తన మందల చెబితేగానీ పూర్తి కాదు. జగిత్యాల, సిరిసిల్ల వైపు గుళ్లలో బర్నబా పేరు వివరించే కాపరులు హెచ్చరిక పుత్రుడు అని చదివాక, ఊరి మాటలో "మందలిచ్చే మనిషి" అని కూడా చెబితే బాగుంటుంది. ముందు వరసలోని ముసలమ్మకు వేరే వివరణ అక్కర్లేదు.