భీమవరం నుంచి బాక్టీరియా దాకా: ఒక ఇంధనం కథ

భీమవరంలో 1895లో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన భాస్వరపు కొలత పద్ధతి నేటికీ ఆ ఇద్దరి పేర్లతోనే వ్యవహారంలో ఉంది. కండరాన్ని కదిలించేది లాక్టిక్ ఆమ్లమేనన్న అభిప్రాయం బలంగా ఉన్న రోజులవి. 1927లో వారు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొనడంతో ఆ అభిప్రాయానికి బీట పడింది. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు.

ఆ పదార్థం చేసే పని మాత్రం మెల్లగా తెలిసివచ్చింది. కండరంలోని మయోసిన్ అనే ప్రోటీనే ఏటీపీని విడగొడుతుందని 1939లో ఎంగెల్‌హార్ట్, ల్యుబిమోవా చూపారు. అంటే ఇంధనాన్ని మండించేదీ, కదిలేదీ ఒకే అణువు. అణుయంత్రమన్న భావనకు అది పునాది. అయితే కండరాలే లేని బాక్టీరియాకు ఇటువంటి యంత్రంతో పనేమిటి?

ఈ-కోలై కణం పొడవు మీటరులో పదిలక్షల వంతులు రెండో మూడో మాత్రమే. అందులో మడతపడి ఉన్న డీఎన్ఏను సాగదీస్తే ఒకటిన్నర మిల్లీమీటరు వస్తుంది. కణం రెండుగా చీలేటప్పుడు మధ్యలో లేచే అడ్డుగోడ కింద ఆ దారం చిక్కుకుంటే తెగిపోయే ప్రమాదముంది. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా సిద్ధబీజం కట్టేటప్పుడు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. గోడ లేచేసరికి క్రోమోజోములో మూడోవంతే బీజంలోకి చేరి ఉంటుంది. మిగిలిన రెండు వంతులు లోపలికి చేరడానికి స్పో-త్రీ-ఈ అనే ప్రోటీన్ కావాలని 1994లో వూ, ఎరింగ్టన్ చూపారు. అది ఏటీపీని ఖర్చుచేస్తూ డీఎన్ఏ వెంట నడిచే యంత్రమని 2000లో తేలింది.

ఈ-కోలైలో దీని దాయాది ఎఫ్‌టీఎస్‌కే. ఆరు భాగాల ఉంగరంలా డీఎన్ఏను చుట్టి, సెకనుకు సుమారు అయిదువేల అక్షరజతలు లాగుతుంది. క్రోమోజోములో ఉన్నవి 46 లక్షల జతలు. ఆ వేగంతో మొత్తం లాగవలసివచ్చినా పావుగంట చాలు. ఎటు లాగాలో చెప్పేవి దారి పొడుగునా ఉన్న ఎనిమిదక్షరాల గుర్తులని 2005లో తెలిసింది.

వైద్యానికి ఈ చరిత్ర దూరం కాదు. 1976లో గెలర్ట్ బృందం కనుగొన్న గైరేజ్ కూడా ఏటీపీతోనే డీఎన్ఏకు మెలికలు వేస్తుంది. నోవోబయోసిన్ మందు దానిలో ఏటీపీ కూర్చునే చోటును ఆక్రమిస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ అయితే, డీఎన్ఏను కోసిన గైరేజ్‌ను తిరిగి అతకనీయకుండా అక్కడే పట్టి ఉంచుతుంది. భీమవరంలో రాసినా, విన్నిపెగ్‌లో రాసినా ఆ మాత్ర చేసే పని ఒకటే.

సుబ్బారావు 1948లో కన్నుమూశారు. అప్పటికి డీఎన్ఏ జంట మెలికల రూపమే ఎవరికీ తెలియదు. కండరంలో ఆయన చూసిన ఇంధనమే వంశవారసత్వాన్ని మోసే దారాన్నీ లాగుతుందని రుజువు కావడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది.