కాపడపు మూట కథ

నడుము పట్టినా, మెడ బిగిసినా, మోకాలు సలుపుతున్నా తెలుగువారి ఇళ్ళలో మొదట జ్ఞాపకానికి వచ్చేది కాపడం. మూకుట్లో ఉప్పో, ఇసుకో, తవుడో వేయించి, పాతగుడ్డలో మూటకట్టి, నొప్పి ఉన్నచోట అద్దుతారు. మూటను రోగి ఒంటికి తాకించే ముందు కాపడం పెట్టేవారు దానిని తమ ముంజేతికి ఆనించి చూచుకొంటారు. వేడి ఎక్కువైతే కొంచెంసేపు ఆగుతారు. చల్లారితే మళ్ళీ మూకుట్లో పోసి వేయిస్తారు. ముంజేతితో చేసే ఈ చిన్న పరీక్షకు ఈ కథలో పెద్ద స్థానమున్నది.

ఈనాడు ఆ మూటే కొత్తరూపంలో కనిపిస్తున్నది. నూలుగుడ్డతో కుట్టిన సంచిలో బియ్యమో, గోధుమలో నింపి, మైక్రోవేవ్ పొయ్యిలో కొద్దిసేపు ఉంచి, వెచ్చబడిన తరువాత నొప్పిమీద వేసుకొంటున్నారు. సంచి పాతదే, గింజలు పాతవే. మారినది పొయ్యి ఒక్కటే. అయితే పొయ్యి మారడంతో ముంజేతి పరీక్ష ఒక్కటే చాలకుండా పోయినది. ఎందువల్ల చాలదో తెలియాలంటే ఈ మూట చరిత్రను మొదటినుంచి చూడాలి.

చరకుని పట్టిక

చరకసంహిత సూత్రస్థానంలో పదునాలుగవ అధ్యాయానికి స్వేదాధ్యాయమని పేరు. నిప్పువేడితో చెమట పట్టించే విధానాలు అందులో 13 చెప్పబడినవి. వాటిలో మొదటిది సంకరస్వేదం. నువ్వులు, మినుములు, ఉలవలు మొదలైనవాటితో చేసిన ముద్దలను గుడ్డలో చుట్టి గాని, చుట్టకుండా గాని వెచ్చగా ఒంటికి తాకించడం ఈ పద్ధతి. పొట్టుతో ఉన్న యవలు, ఇసుక, రాయి కూడ స్వేదద్రవ్యాలలో చేరినవే. అనగా గింజల మూట ఈనాటి కల్పన కాదు.

అదే అధ్యాయంలో నిషేధాల పట్టిక కూడ ఉన్నది. గర్భిణులకు, అతిసారంతో బాధపడేవారికి, మధుమేహం ఉన్నవారికి స్వేదం తగదని అందులో ఉన్నది. కళ్ళకు, గుండె ఉన్నచోట మృదువుగా మాత్రమే చేయాలి, లేదా అసలే మానాలి. వేడికి హద్దు ఉండాలని ఆనాటి వైద్యులకు బాగా తెలుసు. కాని ఆ హద్దును కొలవడానికి వైద్యుని చెయ్యి, రోగి మాట తప్ప వారికి వేరే సాధనం లేదు.

వేడికి లెక్క

ఆ లెక్కకు పునాది వేసినవాడు స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో 1760 ప్రాంతాన ఆయన ఉష్ణం వేరు, ఉష్ణోగ్రత వేరు అని స్పష్టంగా నిరూపించినాడు. ఒకే బరువుగల రెండు పదార్థాలను ఒకే ఉష్ణోగ్రతకు తేవడానికి కావలసిన ఉష్ణం సమానంగా ఉండదు. ఈ గుణాన్నే విశిష్టోష్ణం అంటారు. నీటి విశిష్టోష్ణం 1 అనుకొంటే, ఇసుకది సుమారు 0.2, నిలవ ఉంచిన ధాన్యపు గింజలది సుమారు 0.4.

దీనిని కాపడానికి అన్వయించి చూడవచ్చును. ఒక కిలో ఇసుక 60 డిగ్రీల సెంటిగ్రేడు నుంచి 40 డిగ్రీలకు చల్లారేటప్పుడు సుమారు 4,000 కాలరీల ఉష్ణాన్ని ఇస్తుంది. ఒక కిలో గింజలు 8,000 కాలరీలు, ఒక కిలో నీరు 20,000 కాలరీలు ఇస్తవి. ఇసుక కాపడం త్వరగా చల్లారిపోవడానికి, వేడినీళ్ళ సీసా చాలాసేపు వెచ్చగా ఉండడానికి కారణమిదే. గింజలది నడిమి స్థానం. అయితే వాటికి మరొక సౌకర్యమున్నది. గింజకూ గింజకూ మధ్య చిక్కుకొన్న గాలి వేడిని త్వరగా పోనివ్వదు. పైగా మోకాలైనా, మెడ అయినా, సంచి ఆ వంపుకు తగినట్లు ఒదుగుతుంది.

యూరప్ చలిదేశాలలో నీటి మార్గమే ఎక్కువగా వ్యాపించినది. మొదట లోహపు సీసాలు, కాల్చిన మట్టి సీసాలు వాడేవారు. రబ్బరు మెత్తనిదే కాని, వేడికి జిగురై, చలికి పెళుసైపోయేది. గంధకంతో కలిపి వేడిచేస్తే ఈ లోపం పోతుందని కనుగొన్న చార్లెస్ గుడియర్ 1844లో అమెరికాలో పేటెంటు పొందినాడు. రబ్బరుతో వేడినీళ్ళ సంచులు చేయడానికి మార్గం ఏర్పడినది. తరువాత 1906లో ఆల్బర్ట్ మార్ష్ నికెలు, క్రోమియముల మిశ్రలోహానికి పేటెంటు పొందినాడు. ఎర్రగా కాలినా త్వరగా చెడని ఈ తీగతో విద్యుత్తు ఇంటి వేడిసాధనాలలో ప్రవేశించినది. ఈ సాధనాలు ఎన్ని మారినా ఒక విషయం మారలేదు: వేడి ఒక చోట పుట్టి, అక్కడినుంచి పైపొరను దాటి లోపలికో, వెలుపలికో ప్రవహించేది.

యుద్ధం నుంచి వంటింటికి

ఆ పద్ధతిని మార్చినది యుద్ధకాలపు పరిశోధన. 1940 ఫిబ్రవరిలో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హారీ బూట్ అనే ఇద్దరు భౌతికశాస్త్రజ్ఞులు కుహర మాగ్నెట్రాన్ అనే పరికరాన్ని పనిచేయించినారు. కొద్ది సెంటిమీటర్ల తరంగదైర్ఘ్యంగల శక్తిమంతమైన రేడియో తరంగాలు దానివల్ల లభించినవి. శత్రు విమానాలను పసిగట్టే రాడార్‌కు ఇది ప్రాణంవంటిదైనది. అదే సంవత్సరం సెప్టెంబరులో బ్రిటిషు బృందమొకటి దానిని అమెరికాకు తీసుకొనిపోయినది.

అమెరికాలో మాగ్నెట్రాన్లను తయారుచేసిన రేథియాన్ సంస్థలో పెర్సీ స్పెన్సర్ ఇంజనీరు. పనిచేస్తున్న మాగ్నెట్రాన్ దగ్గర నిలుచున్నప్పుడు ఆయన జేబులోని మిఠాయి కరిగిపోయినదని చెప్పుకొంటారు. ఈ తరంగాలతో ఆహారాన్ని వేడిచేసే విధానానికి 1945 అక్టోబరు 8న ఆయన పేటెంటు దరఖాస్తు పెట్టినాడు. అది 1950లో మంజూరైనది. సంచిలో ఉంచిన మొక్కజొన్న కంకిని పేలాలుగా మార్చే విధానానికి 1949లో ఆయనకు మరొక పేటెంటు లభించినది. గింజల సంచి సూక్ష్మతరంగాల పొయ్యిలోకి ఆ విధంగా మొదటే అడుగుపెట్టినదన్నమాట. 1947లో వచ్చిన మొదటి పొయ్యి సుమారు 1.8 మీటర్ల ఎత్తు, 340 కిలోల బరువు ఉండేది. వంటబల్లమీద పట్టే పొయ్యి 1967లో అమెరికాలో 495 డాలర్లకు అమ్మకానికి వచ్చినది.

గింజలోని నీరు

ఈ పొయ్యిలో మంట లేదు. ఇళ్ళలో వాడే పొయ్యిల తరంగాలు సెకనుకు 245 కోట్ల ఆవర్తనాలు చేస్తవి. వాటి తరంగదైర్ఘ్యం సుమారు 12.2 సెంటిమీటర్లు. నీటి అణువుకు ఒక కొనలో ధనావేశం, మరొక కొనలో ఋణావేశం ఎక్కువగా ఉంటవి. ఇటువంటి ద్విధ్రువ అణువులు విద్యుత్ క్షేత్రంలో ఎట్లా ప్రవర్తిస్తవో వివరించిన పీటర్ డెబై 1936లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం పొందినాడు. క్షేత్రం దిశ మార్చినప్పుడల్లా అణువు దానివైపు తిరగబోతుంది. పక్క అణువులు అడ్డుపడుతవి. ఈ పెనుగులాటలో తరంగశక్తి ఉష్ణంగా మారుతుంది.

ఎండినవిగా కనిపించే గింజలలో కూడ నూటికి 12 నుంచి 14 పాళ్ళు నీరుంటుంది. ఆ నీరే తరంగశక్తిని ఎక్కువగా గ్రహిస్తుంది. పొడి ఇసుక ఈ తరంగాలను దాదాపు గ్రహించదు. కనుక మూకుట్లో పనికివచ్చిన ఇసుక ఈ పొయ్యిలో పనికిరాదు. గింజలలో కూడ పేలాలయ్యే మొక్కజొన్న తగదు. గట్టిపెంకులో చిక్కిన నీరు ఆవిరై గింజను పేల్చివేస్తుంది.

సంచి కుట్టడంలోని నియమాలన్నీ ఇందులోనుంచే వస్తవి. గుడ్డ, దారం రెండూ నూలువై ఉండాలి. పాలియెస్టరు అధికమైన వేడికి కరుగుతుంది. జరీ, లోహపు గుండీలు, జిప్పు ఉంటే నిప్పురవ్వలు లేవవచ్చును. గింజలు ఒకమూలకు చేరకుండా సంచిని అడ్డకుట్లతో మూడు నాలుగు గదులుగా విభజించాలి. సంచి వంగడానికి వీలుగా ప్రతి గదిలోను మూడింట రెండు వంతులు మాత్రమే నింపాలి.

చేతికి అందని వేడి

మూకుట్లో వేయించేటప్పుడు గింజలు కంటికి కనిపిస్తవి, కలియబెడుతుంటే వేడి సర్దుకొంటుంది. ఈ పొయ్యిలో అట్లా కాదు. తరంగాలు కొన్ని సెంటిమీటర్ల లోతుకు చొచ్చుకొనిపోయి అక్కడనే వేడి పుట్టిస్తవి. పైపొర గాలి తగిలి కొంత చల్లారుతుంది. అదిగాక తరంగాలు గోడలకు తగిలి మళ్ళి వచ్చి ఒకదానితో ఒకటి కలియడంవల్ల కొన్నిచోట్ల వేడి ఎక్కువగా, కొన్నిచోట్ల తక్కువగా ఉంటుంది. కనుక పైన చెయ్యిపెట్టి చూస్తే గోరువెచ్చగా తోచిన సంచి లోపల మండుతూ ఉండవచ్చును.

కాలంకూడ ముఖ్యమే. ఒక కిలో గింజలను 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికి 12,000 కాలరీలు, అనగా సుమారు 50,000 జౌళ్ళు కావాలి. 700 వాట్ల శక్తి అంతా గింజలకే చేరినదనుకొంటే ఇది 72 సెకండ్ల పని. ఆవిరయ్యే నీటిని లెక్కలోకి తీసుకోకపోతే, ఐదు నిమిషాలలో ఉష్ణోగ్రత 125 డిగ్రీలు పెరగవలసి ఉంటుంది. నీరున్నంతవరకు ఆవిరి కావడానికే వేడి ఖర్చై, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచుతుంది. కాని ప్రతిసారీ కొంత నీరు పోతుంది. మాటిమాటికి వేడిచేసిన పాతసంచి ఎండిపోయి, అదుపుతప్పి మాడి, నిప్పంటుకొనవచ్చును. ఇటువంటి సంచులకు బ్రిటిషు ప్రమాణాల సంస్థ 2004లో ప్రత్యేక ప్రమాణాన్ని ప్రకటించినది.

చర్మం ఎంత వేడిని ఎంతసేపు ఓర్చుకొంటుందో 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే అమెరికన్ పరిశోధకులు కొలిచినారు. 60 డిగ్రీల వద్ద చర్మం కాలిపోవడానికి సుమారు 5 సెకండ్లు చాలు. 44 డిగ్రీల వేడి హాయిగా తోచినా, అది ఆగకుండా సుమారు 6 గంటలు తగిలితే చర్మం కాలుతుంది. సంచిని కప్పుకొని నిద్రపోరాదనడానికి ఆధారమిదే.

చాలాకాలం మధుమేహం ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతిని, చురుకు తెలియకపోవచ్చును. వారికి చర్మం కాలుతున్నా నొప్పి పుట్టదు. మధుమేహిని చరకుడు నిషేధాల పట్టికలో చేర్చడానికి కారణాలు ఆయుర్వేద సిద్ధాంతానికి చెందినవి. నేటి వైద్యులు వద్దనడానికి కారణం నరాల దెబ్బ. కారణాలు వేరైనా హెచ్చరిక ఒక్కటే. పసిపిల్లల విషయంలో కూడ అంతే జాగ్రత్త కావాలి. వారు కాలుతున్నదని చెప్పలేరు.

కనుక ముంజేతి పరీక్షను మానవలసిన పని లేదు. దానికి మరికొన్ని చేర్చవలసి ఉన్నది. గడియారం చూచి కొద్దికొద్దిగా వేడిచేయాలి. బయటికి తీసిన తరువాత సంచిని బాగా కుదిపి, ఒక నిమిషం ఆగి, అప్పుడు ముంజేతికి ఆనించాలి. ఒంటికీ సంచికీ మధ్య తువ్వాలు వేయాలి. మాడువాసన వచ్చిన గింజలను పారబోయాలి. వేడిని కొలవడం పాఠశాలలోనే నేర్పవచ్చును. సమానమైన బరువుగల ఇసుకను, బియ్యాన్ని, నీటిని వేడినీళ్ళ గిన్నెలో ఉంచి 60 డిగ్రీలకు తెచ్చి, ఒక్కొక్కదానిని ఒకే రకపు గుడ్డతో చుట్టిన లోటాలో పోసి, ఐదేసి నిమిషాలకు ఉష్ణమాపకం చూచి వ్రాసుకొంటే, బ్లాక్ గ్లాస్గోలో కనుగొన్న తేడా విద్యార్థుల నోటుపుస్తకాలలోనే కనిపిస్తుంది.