బడిలో మన భాష: గిడుగు నుంచి నేటి దాకా



ఆదికవి నన్నయ యజ్ఞం చేసిన ఊరు మాది అని తణుకువాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. తెలుగుకు ఇంత పేరున్న గోదావరి సీమలో మన ఆదివాసీ భాషల చదువు గురించి కూడా నాలుగు మాటలు చెప్పుకోవాలి.

గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వాడుక తెలుగు కోసం ఉద్యమించడానికి ముందే ఆయన సవర భాష నేర్చుకున్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర పిల్లలకు బడులు పెట్టి, వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. 1931లో ఆయన సవర భాషా గ్రంథం, తర్వాత నిఘంటువులు అచ్చయ్యాయి. పర్లాకిమిడి ఒరిస్సాలో కలిశాక, 1936లో ఆయన మన రాజమండ్రికి వచ్చేశారు. ఆయన దారి ఒక్కటే: పిల్లల నోట ఉన్న మాటతోనే చదువు మొదలుపెట్టాలి.

1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేరింది. భాషాపరంగా మైనారిటీలైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందించే ఏర్పాట్లకు ప్రతి రాష్ట్రమూ పూనుకోవాలని అది చెబుతుంది. అయినా మన రాష్ట్రంలో 2004లో గానీ సర్కారు బడుల్లో బహుభాషా విద్య మొదలుకాలేదు. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే 8 భాషల్లో, తెలుగు లిపిలోనే పాఠ్యపుస్తకాలు తయారయ్యాయి. ఒకటో తరగతిలో ఇంటి భాష, తర్వాత మెల్లగా తెలుగు, ఇంగ్లీషు. ఒక భాష మీద నిలబడి ఇంకో భాషను అందుకోవడమన్నమాట.

ఇది ఎందుకు అవసరమో హాస్టల్లో రోజూ చూస్తుంటాను. కోయలో ఏరు అంటే నీళ్లు, తెలుగులో వాగు. కొత్తగా చేరిన పిల్ల “ఏరు” అని అడిగితే పక్కవాళ్లు నవ్వుతారు. రెండుసార్లు నవ్వితే ఆ పిల్ల ఇక నోరు తెరవదు. అప్పుడు చదువు రాని పిల్ల అనేస్తారు. రానిది చదువు కాదు, బడి భాష.

హవాయి దీవుల్లో 1896లో బడి నుంచి తోసేసిన స్థానిక భాష, 1987లో సర్కారు ప్రాథమిక బడుల్లోకి బోధనా భాషగా తిరిగొచ్చింది. పిల్లల ముందు అదే భాష మాట్లాడే పెద్దలు నిలబడ్డారు కాబట్టే అది సాధ్యమైంది.

మనకూ పుస్తకం ఒక్కటే సరిపోదు. ఆ భాష వచ్చిన టీచరు లేకపోతే పుస్తకం బీరువాలోనే ఉంటుంది. అందుకే మీలో కొందరైనా డీఈడీ, బీఈడీ చదివి మన బడులకు రావాలి. ఈలోగా మీ అమ్మమ్మ, తాతయ్యల మాటలు, కథలు ఫోనులో రికార్డు చేయండి, తెలుగు లిపిలో రాసిపెట్టండి. ఇంట్లో చిన్నపిల్లలతో మన భాషలోనే మాట్లాడండి.

జై ఆదివాసీ!