చీర ముందు, డబ్బు తర్వాత: ధర్మవరం బాకీల చరిత్ర

ధర్మవరం పట్టు వ్యాపారం ఏనాడూ రొక్కం మీద నడవలేదు. షావుకారు ముడిరేషం, జరీ కొని, వార్పు కట్టించి నేతగాడి ఇంటికి పంపుతాడు. నేతగాడు చీర నేసి ఇస్తే కూలి కట్టిస్తాడు. పెళ్లికో ఆసుపత్రికో తీసుకున్న అడ్వాన్సులో కొంత ఆ కూలిలోంచే కోత పడుతుంది. చీర మాత్రం బెంగళూరు, చెన్నై, విజయవాడ దుకాణాలకు అరువు మీద వెళ్తుంది. అక్కడ అది అమ్ముడుపోయాక, ఒక్కోసారి నెలలు గడిచాక, డబ్బు తిరిగొస్తుంది. షావుకారుకు చేతిలో డబ్బు ఆడకపోతే కొత్త వార్పు రాదు, మగ్గం ఖాళీగా ఉంటుంది. పట్నంలోని దుకాణం చేసే ఆలస్యానికి వడ్డీ కట్టేది చివరికి మగ్గమున్న ఇల్లే. అందుకే ధర్మవరంలో చెల్లింపుల సమస్య అంటే గడువు సమస్య. మన ప్రభుత్వాలు, చెల్లింపుల కంపెనీలు ఇన్నేళ్లూ ఎక్కువగా శ్రద్ధ పెట్టింది మాత్రం డబ్బు నడిచే దారి మీద.

దారి బాగుపడిందన్నది కాదనలేం. 2016లో యూపీఐ వచ్చింది. 2020 జనవరి నుంచి దానిపై వ్యాపారి కట్టే రుసుమూ పోయింది. 2019 డిసెంబరు 21న నేతన్న నేస్తం పథకం మొదలైంది ధర్మవరంలోనే. సొంత మగ్గమున్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు మధ్యలో ఎవరి చేయీ పడకుండా నేరుగా బ్యాంకు ఖాతాలో పడ్డాయి. అది చిన్న మేలు కాదు. కానీ ఇంకొకరి మగ్గం మీద కూలికి నేసేవాడికి అది అందలేదు, చీర బాకీ వసూలయ్యే తేదీ ఒక్కరోజైనా ముందుకు జరగలేదు.

యూరప్ చరిత్రా ఇదే చెబుతుంది. ఖాతాదారు పాస్‌వర్డుతో ఫిన్‌టెక్ కంపెనీలు బ్యాంకు ఖాతాలోకి వెళ్లే పద్ధతిని 2017లో అక్కడి బ్యాంకింగ్ అథారిటీ ఆపబోయింది. కంపెనీలు ఒక్కటై గట్టిగా వాదించాయి. చివరి నిబంధనల్లో యూరోపియన్ కమిషన్ కొంత వెసులుబాటు ఇచ్చింది. 2024లో, యూరో తక్షణ చెల్లింపు పది సెకన్లలో చేరాలన్న చట్టమే వచ్చింది. అంతకుముందు ఏడాది అదే కమిషన్, వ్యాపార బాకీలు 30 రోజుల్లో తీర్చాలని ప్రతిపాదిస్తే అది ముందుకు సాగలేదు. దారి గురించి అడిగేవాళ్లు సంఘటితంగా ఉన్నారు. గడువు గురించి అడగాల్సిన చిన్న సరఫరాదారుడికి, కొనేవాడి మొహం చూడక తప్పని బతుకు.

మన దగ్గర 2006 చట్టమే సూక్ష్మ, చిన్న పరిశ్రమల బాకీకి 45 రోజుల హద్దు పెట్టింది; రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దానికి పదును వచ్చింది 2023లో, ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్) చేర్చాక: గడువు దాటిన బాకీని, తీర్చేదాకా ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు. వ్యాపార సంఘాలు వాయిదా వేయమన్నాయి. అరువు లేకపోతే సరుకు కదలదని, కొనేవాళ్లు చిన్న పరిశ్రమగా నమోదు లేని వాళ్ల దగ్గరికి పోతారని వాళ్ల వాదన. రెండో మాటలో నిజముంది. అయితే అందుకు మందు చట్టాన్ని సడలించడం కాదు, నమోదును పెంచడం. మొదటి మాటకొస్తే, అరువు వద్దని ఎవరూ అనలేదు. దానికి ఒక తేదీ ఉండాలన్నారు. పెళ్లిళ్ల సీజనుకే పట్టు అమ్ముడవుతుంది, నిజమే. కానీ ఆ నిరీక్షణ ఖర్చు భరించాల్సింది బ్యాంకు అప్పు పుట్టే పెద్ద దుకాణం. వారం కూలితో ఇల్లు గడిపేవాడి మీద దాన్ని వేయడం అన్యాయం.

చిన్న పరిశ్రమల ‘ఉద్యం’ నమోదు లేని మగ్గానికి ఈ గడువు రక్షణ అందదు. ధర్మవరం చేనేత సంఘాలు ముందు ఆ నమోదు చేయించాలి, ప్రతి చీర బిల్లు మీదా చెల్లింపు తేదీ రాయించాలి. షావుకార్లు కూడా ఈ విషయంలో నేతగాళ్లతో కలిసి నిలబడాలి.