సీటు వచ్చాక పోలీసు కాగితం: బ్రిటన్‌లో విద్యార్థుల నేరచరిత్ర తనిఖీ

బ్రిటన్‌లో నర్సింగ్, వైద్యం, ఉపాధ్యాయ శిక్షణ, సోషల్ వర్క్ కోర్సుల్లో సీటు వచ్చిన విద్యార్థి వార్డులోకో బడిలోకో అడుగు పెట్టాలంటే ముందు ఒక కాగితం చూపించాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో దాన్ని ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ సర్టిఫికెట్ అంటారు. స్కాట్లండ్‌లో పీవీజీ పథకం, ఉత్తర ఐర్లండ్‌లో యాక్సెస్‌ఎన్ఐ ఇదే పని చేస్తాయి. దరఖాస్తు చేసేవారు గుర్తింపు పత్రాలతోపాటు గత ఐదేళ్లలో కాపురమున్న చిరునామాలు, ఇదివరకు వాడిన పేర్లు అన్నీ రాయాలి. తిరిగివచ్చే సర్టిఫికెట్ గడులు గడులుగా ఉంటుంది. పోలీసుల జాతీయ కంప్యూటర్‌లో ఉన్న శిక్షలు, హెచ్చరికలు ఒక గడిలో. పిల్లలతో పనిచేయకూడదని నిషేధించినవారి జాబితా సంగతి ఇంకో గడిలో. అలాంటిదే పెద్దవాళ్ల విషయంలో మరొకటి. స్థానిక పోలీసు ఉన్నతాధికారి చెప్పదలచుకున్న సమాచారానికి వేరే గడి. చాలామంది సర్టిఫికెట్లలో ఈ గడులన్నిటికీ ఒకటే జవాబు: ఏమీ నమోదు కాలేదు.

చదువుకునేవాళ్లకు ఈ తనిఖీ ఎందుకంటే, ఈ కోర్సుల్లో చదువు చాలావరకు తరగతి బయటే సాగుతుంది. నర్సింగ్ విద్యార్థికి నిర్దేశించిన 4,600 గంటల్లో సగం, అంటే 2,300 గంటలు, ప్రాక్టీసు శిక్షణలోనే గడవాలి. మన నర్సింగ్ కాలేజీల్లో క్లినికల్ పోస్టింగు అనేదాన్ని అక్కడ ప్లేస్‌మెంట్ అంటారు. రాత్రి డ్యూటీలో పక్కమీద కదల్లేని ముసలామెకు ఒళ్లు తుడిచేది మొదటి సంవత్సరం విద్యార్థి కావచ్చు. ఆమె దృష్టిలో ఆ అమ్మాయి నర్సే. రుసుము దగ్గర మాత్రం చట్టం వేరేలా లెక్క వేసింది. స్వచ్ఛందంగా సేవ చేసేవారికి ఈ తనిఖీ ఉచితం. ప్లేస్‌మెంట్ చేసే విద్యార్థి డిగ్రీ కోసం చేస్తున్నాడు కాబట్టి ఆ లెక్కలోకి రాడు. 2002లో 12 పౌండ్లుగా మొదలైన ఈ రుసుము 2024 డిసెంబరుకు 49.50 పౌండ్లకు చేరింది.

నేరస్థుల పేర్లు ఒకచోట రాసిపెట్టడం అక్కడ 1869 నాటి చట్టంతో మొదలైంది. పదేపదే నేరం చేసేవారిని గుర్తుపట్టడమే అప్పటి ఉద్దేశం. ఉద్యోగానికో చదువుకో వచ్చినవారిని వడకట్టే ఆలోచన అందులో లేదు. అయితే పేరు మార్చుకున్నవాణ్ని పట్టుకోవడానికి పేర్ల చిట్టా పనికిరాదు. ఆ చిక్కు విప్పిన పద్ధతి భారతదేశం నుంచే వెళ్లింది. బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ హయాంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ వేలిముద్రలను వర్గీకరించే పద్ధతి తయారుచేశారు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. హెన్రీ లండన్ వెళ్లాక 1901లో స్కాట్లండ్ యార్డ్‌లో అలాంటిదే పెట్టారు. పద్ధతికి పేరు మాత్రం హెన్రీదే మిగిలింది.

అదే బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ పోలీసు చిట్టాను ఇంకెంత దూరం లాగిందో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కింద మనిషి ఏం చేశాడన్నదానితో పనిలేకుండా ఏ కులంలో పుట్టాడన్నదాన్నిబట్టే పేరు రిజిస్టరులోకి ఎక్కేది. 1911 సవరణతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడిన సెటిల్‌మెంటే. స్వాతంత్ర్యం వచ్చాక ఆ చట్టం పోయింది గానీ ఊరిపేరు చెబితే కనుబొమలెగరేసే అలవాటు మాత్రం చాలాకాలం పోలేదు.

బ్రిటన్‌లో పాత నేరం ఎన్నాళ్లు వెంటాడాలన్న ప్రశ్నకు చట్టం జవాబు చెప్పింది 1974లో. లార్డ్ గార్డినర్ అధ్యక్షతన పనిచేసిన కమిటీ 1972లో ఇచ్చిన నివేదిక దానికి ఆధారం. చిన్న శిక్ష పడి, ఆ తర్వాత నిర్ణీత కాలం బుద్ధిగా ఉన్నవాడి నేరం మాసిపోయినట్టే లెక్క. ఎవరైనా అడిగితే లేదని చెప్పే హక్కు అతనికి ఉంటుంది. రెండున్నరేళ్లకు మించిన జైలుశిక్షకు అప్పట్లో ఈ వెసులుబాటు ఉండేది కాదు. చట్టం 1975 జులైలో అమలులోకి వచ్చింది. అదే రోజు మినహాయింపుల ఉత్తర్వూ అమలులోకి వచ్చింది. డాక్టర్లు, నర్సులు, ఉపాధ్యాయులు, లాయర్లు వంటి వృత్తుల్లోకి వచ్చేవారు మాసిపోయిన శిక్షలు కూడా చెప్పి తీరాలన్నది దాని సారాంశం. ఒక చేత్తో చెరిపి రెండో చేత్తో రాసుకోవడం అన్నమాట. ఆ తర్వాత ఐదు దశాబ్దాల చరిత్ర అంతా ఈ మినహాయింపు చుట్టూ తిరిగిందే.

మినహాయింపు ఉందిగానీ చెప్పినది నిజమో కాదో చూసే యంత్రాంగం చాలాకాలం లేదు. బోధన నుంచి నిషేధించినవారి పేర్లతో విద్యాశాఖ దగ్గర లిస్ట్ 99 అనే జాబితా ఉండేది. పాత శిక్షలున్న ఒక వ్యక్తి స్వచ్ఛంద సేవకుడిగా పిల్లల మధ్య మసలుతూ ఒక బాలికను చంపిన కేసు 1984లో తేలాక ప్రభుత్వం కదిలింది. పిల్లల దగ్గర పనిచేయబోయేవారి గురించి స్థానిక సంస్థలు పోలీసులను అడిగి తెలుసుకునే ఏర్పాటు 1986లో వచ్చింది. ఏ ఊరి పోలీసులు ఆ ఊరి రికార్డు తిరగేసి జవాబు రాసేవారు. జవాబు ఎప్పుడొస్తుందో, ఎంత వివరంగా వస్తుందో ఊరినిబట్టి మారేది.

చరిత్రలో ఇక్కడ రెండు పేర్లు తప్పక వస్తాయి. రెండూ ఈ తనిఖీని సమర్థించేవారికి ఇబ్బందికరమైనవే. బెవర్లీ ఆలిట్ అనే నర్సు 1991లో గ్రాంథమ్ ఆసుపత్రి పిల్లల వార్డులో నలుగురు పిల్లలను చంపింది. ఆమెపై అంతకుముందు నేరచరిత్ర లేదు. 1994లో వచ్చిన క్లోథియర్ విచారణ నివేదిక నర్సింగ్‌లోకి వచ్చేవారి ఆరోగ్య చరిత్రను, మానసిక స్థితిని గట్టిగా చూడమంది. రెండోవాడు డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్. పెథిడిన్ కోసం దొంగ ప్రిస్క్రిప్షన్లు రాసినందుకు 1976లో అతనికి 600 పౌండ్ల జరిమానా పడింది. జనరల్ మెడికల్ కౌన్సిల్‌కు ఆ సంగతి తెలుసు. అయినా పేరు కొట్టేయలేదు. 2000 జనవరిలో 15 హత్యల కేసుల్లో అతనికి శిక్ష పడింది. చంపినవారు 215 మంది అని డేమ్ జానెట్ స్మిత్ విచారణ తర్వాత తేల్చింది. మొదటి కేసులో చూడటానికి రికార్డే లేదు, రెండోదానిలో ఉన్న రికార్డు చూసి వదిలేశారు.

స్థానిక పోలీసుల మీద ఆధారపడే పద్ధతి పోయి ఒకే కేంద్రం రావడానికి 1997 నాటి పోలీసు చట్టం దారి వేసింది. మూడు స్థాయుల సర్టిఫికెట్లు అప్పుడే నిర్ణయమయ్యాయి. వాటిలో పై స్థాయిది ఎన్‌హాన్స్‌డ్. శిక్ష పడని ఆరోపణలు కూడా అవసరమనుకుంటే పోలీసులు అందులో రాయవచ్చు. లివర్‌పూల్‌లో క్రిమినల్ రికార్డ్స్ బ్యూరో, అంటే సీఆర్‌బీ, క్యాపిటా అనే ప్రైవేటు సంస్థ భాగస్వామ్యంతో 2002 మార్చిలో తలుపులు తెరిచింది. ఆ సెప్టెంబరులో బడులు తెరిచే వేళకు దరఖాస్తులు కొండలా పేరుకున్నాయి. తనిఖీ పూర్తికాని కొత్త ఉపాధ్యాయులను బడిలోకి రానివ్వొద్దన్న ప్రభుత్వమే, కొన్ని బడులు తెరవలేకపోవడంతో, లిస్ట్ 99 చూసుకుని చేర్చుకోండని వెనక్కి తగ్గింది.

అదే వేసవిలో, 2002 ఆగస్టులో, సోహమ్ అనే చిన్న ఊళ్లో ఇద్దరు పదేళ్ల బాలికలు హత్యకు గురయ్యారు. చంపినవాడు ఇయాన్ హంట్లీ, అక్కడి ఉన్నత పాఠశాలలో కేర్‌టేకర్. 2001లో అతన్ని ఉద్యోగంలో పెట్టుకునేటప్పుడు పోలీసులను అడిగారు కూడా. హంబర్‌సైడ్ పోలీసులకు 1995-99 మధ్య అతని మీద లైంగిక ఆరోపణలు వరుసగా వచ్చాయి. ఏ ఒక్కదానిలోనూ శిక్ష పడలేదు, సమాచారం ఒకచోట నిలవలేదు. కేంబ్రిడ్జ్‌షైర్ పోలీసులు అతను వాడిన నిక్సన్ అన్న పేరుతో వెతికారు గానీ హంట్లీ పేరుతో వెతకలేదు. సర్ మైకేల్ బిచర్డ్ 2004 జూన్‌లో 31 సిఫారసులతో నివేదిక ఇచ్చారు. దరఖాస్తులో పాత పేర్లన్నీ రాయమనడం వెనక ఉన్న పాఠం ఇదే.

బిచర్డ్ సిఫారసుల నుంచి 2006లో ఆసరా అవసరమైనవారి రక్షణ చట్టం పుట్టింది. పిల్లలతోనో ఆసరా అవసరమైన పెద్దలతోనో పనిచేసే ప్రతి ఒక్కరూ ముందుగా పేరు నమోదు చేయించుకోవాలన్నది ఆలోచన. లెక్క వేస్తే కోటికి పైగా మనుషులు తేలారు. ఏడాదికి ఒకటి రెండుసార్లు బడికి వెళ్లి కథలు చెప్పే రచయితలు కూడా ఆ లెక్కలోకి వస్తారనగానే 2009లో ఫిలిప్ పుల్‌మన్ వంటివారు అసలు బడులకే వెళ్లమన్నారు. 2010లో హోంమంత్రి థెరిసా మే ఆ పథకాన్ని ఆపేశారు. 2012 చట్టం దాన్ని బాగా కుదించింది. ఆ డిసెంబరులో సీఆర్‌బీని, నిషేధ జాబితాలు చూసే సంస్థను కలిపి డీబీఎస్ చేశారు. విద్యార్థులకు నిజంగా తేడా తెచ్చిన మార్పు 2013 జూన్‌లో వచ్చింది. అంతవరకు సర్టిఫికెట్ ప్రతి ఒకటి నేరుగా విశ్వవిద్యాలయానికి వెళ్లేది. ఇప్పుడు విద్యార్థి ఇంటికి మాత్రమే వస్తుంది. తప్పు పడితే ఎవరూ చూడకముందే అభ్యంతరం చెప్పుకోవచ్చు.

గడిలో ఏదో ఒకటి ఉన్నంత మాత్రాన సీటు పోదు. విశ్వవిద్యాలయం ఒక ప్యానెల్ వేస్తుంది. నేరం ఏమిటి, అప్పటికి వయసెంత, ఎన్నాళ్లయింది, తనంతట తాను చెప్పాడా అని చూస్తుంది. ప్యానెల్‌లో ఆసుపత్రి తరఫువారు కూడా ఉంటారు, ఎందుకంటే ప్లేస్‌మెంట్ ఇవ్వాల్సింది వాళ్లు. ఒకే నేరానికి రెండు చోట్ల రెండు తీర్పులు రావడమూ ఉంది. చిన్నతనంలో దొంగతనం కేసులో శిక్ష పడి అది మాసిపోయిన ఒక కుర్రాడికి 2008లో ఒక పేరున్న వైద్య కళాశాల ఇచ్చిన సీటు వెనక్కి తీసుకుంది. పత్రికల్లో గొడవయ్యాక ఇంకో విశ్వవిద్యాలయం అతన్ని చేర్చుకుంది. దాచింది ఏమీ లేదు, అతనే చెప్పాడు.

ప్రవేశాల ఉమ్మడి దరఖాస్తు నడిపే యూకాస్ సంస్థ ఏ కోర్సుకైనా నేరచరిత్ర గడి పెట్టేది. 2019 ప్రవేశాల నుంచి దాన్ని తీసేసి, ఇలాంటి వృత్తి కోర్సులకు మాత్రమే ఉంచింది. చరిత్రో గణితమో చదవబోయేవాణ్ని అడగడంలో అర్థం లేదని ఒప్పుకోవడానికి అంతకాలం పట్టింది.

అసలు మలుపు కోర్టుల్లో వచ్చింది. తీర్పుల్లో 'టీ' అన్న అక్షరంతోనే తెలిసిన కుర్రాడికి 11 ఏళ్ల వయసులో, 2002లో, రెండు దొంగ సైకిళ్ల విషయంలో మాంచెస్టర్ పోలీసులు హెచ్చరికలు ఇచ్చారు. కేసు లేదు, శిక్ష లేదు. టీనేజీలో ఫుట్‌బాల్ క్లబ్బులో చిన్న పని కోసం అడిగితే సర్టిఫికెట్‌లో ఆ సైకిళ్లు వచ్చాయి. 2010లో విశ్వవిద్యాలయంలో స్పోర్ట్స్ కోర్సుకు వెళితే మళ్లీ వచ్చాయి. 2013 జనవరిలో అప్పీలు కోర్టు ఇది వ్యక్తిగత జీవిత హక్కుకు భంగమంది. ఆ మే నెలలోనే పాతవాటిని వడకట్టే నిబంధనలు పెట్టారు: ఒకే ఒక్క చిన్న శిక్ష అయితే 11 ఏళ్లకు, మైనరుగా పడినదైతే అయిదున్నరేళ్లకు సర్టిఫికెట్ నుంచి పోతుంది. 2014లో సుప్రీంకోర్టు కూడా 'టీ' వైపే నిలిచింది.

'ఒకే ఒక్క' అన్న మాట దగ్గర మళ్లీ చిక్కు వచ్చింది. ఒక మహిళ 1999లో మానసిక జబ్బు బయటపడక, ఇల్లు లేక తిరుగుతున్న రోజుల్లో ఒక శాండ్‌విచ్, ఆ తర్వాత 99 పెన్నీల పుస్తకం దొంగిలించి, కోర్టు వాయిదాకు వెళ్లలేదు. శిక్షలు రెండు కాబట్టి ఎన్నేళ్లయినా పోవు. ఆమె బడిలో సహాయకురాలిగా చేరాలనుకుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ లెక్కను తప్పుపట్టింది. మైనర్లకు ఇచ్చే పోలీసు హెచ్చరికలు బయటపెట్టడాన్నీ తప్పుపట్టింది. 2020 నవంబరు 28 నుంచి రెండూ పోయాయి. అయితే అదే తీర్పులో ఇంకొకతను ఓడిపోయాడు. 1982లో, 16 ఏళ్ల వయసులో కొట్లాటలో ఒకరిని గాయపరిచినవాడు 47వ ఏట పెద్దలకు ఇంగ్లిషు నేర్పే శిక్షణలో చేరాడు. ఆ నేరం ఎన్నటికీ వడకట్టకూడని జాబితాలో ఉంది. జాబితా సబబేనని కోర్టు అంది.

భారతదేశంలో కళాశాల ప్రవేశానికి పోలీసు తనిఖీ ఆనవాయితీ లేదు. టీసీతోపాటు కాండక్ట్ సర్టిఫికెట్ అడుగుతారు. అందులో ప్రవర్తన 'సంతృప్తికరం' అనో 'మంచిది' అనో రాయని ప్రిన్సిపాల్ అరుదు. ర్యాగింగ్ నిరోధానికి యూజీసీ 2009లో పెట్టిన నిబంధనలు ఆ కాగితంలో విద్యార్థి తోటివారితో మెలిగే తీరును కూడా రాయమన్నాయి.

విదేశంలో జరిగిన నేరం సాధారణంగా డీబీఎస్‌కు కనబడదు. కాబట్టి గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వెళ్లి నర్సింగ్‌లో చేరేవారిని రెండో కాగితం కూడా అడుగుతారు. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో 500 రూపాయలు కట్టి తెచ్చుకునే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అది. డీబీఎస్ సర్టిఫికెట్ మీద గడువు తేదీ ఉండదు, అచ్చయిన రోజు వరకు ఉన్న సంగతే అందులో ఉంటుంది. కోర్సులో మిగతా కాలానికి విశ్వవిద్యాలయాలు విద్యార్థి చేత ఏటా ఒక కాగితం మీద సంతకం చేయించుకుంటాయి: తన మీద కొత్తగా ఏ కేసూ లేదని.