మండువా లోగిలి, గ్రాఫిక్స్ కార్డు

వేడిని పుట్టించడం సులువు, సాగనంపడమే కష్టం. కోనసీమ ఇళ్ళు కట్టిన తాపీమేస్త్రులకు తెలిసిన ఈ సత్యాన్ని కంప్యూటర్లు కట్టినవారు తమదైన దారిలో నేర్చుకున్నారు.

1946లో లోకానికి చూపిన ఎనియాక్ యంత్రంలో సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులుండేవి. దాదాపు 150 కిలోవాట్ల విద్యుత్తు మింగే ఆ యంత్రపు వేడిని పెద్ద ఫ్యాన్లతో తోలవలసివచ్చింది. 1985 నాటి క్రే-2లోనైతే వలయాలను విద్యుత్తు పారని ద్రవంలోనే ముంచారు. ఇంటి కంప్యూటరుకు అంతటి భోగమెక్కడిది? 1999లో వచ్చిన జీఫోర్స్ 256 మీద చిన్న ఫ్యానొకటి అమర్చారు. 2003 నాటి జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5800 అల్ట్రా ఫ్యాను రొద నవ్వులపాలైంది. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 ఒక్కటే 575 వాట్ల దాకా వాడుకుంటుంది.

ఇక మన ఇళ్ళ సంగతి. వట్టివేళ్ళ తడికలపై నీళ్ళు చల్లితే గది చల్లబడేది పొడిగాలి వీచే సీమల్లోనే. అమలాపురం, రాజోలు ప్రాంతాల్లో గాలి నిండా సముద్రపు తేమ. నీరు ఆవిరి కావడం మందగిస్తుంది, ఉక్కపోత మిగులుతుంది. కనుక మనవారు నీటిని కాక గాలిని నమ్ముకున్నారు. వీధి గుమ్మమూ పెరటి గుమ్మమూ ఒకే వరుసన నిలిపారు. నడుమ మండువాను ఆకాశానికి విడిచారు. వేడిగాలి పైకి పోతుంది, ఆ చోటికి కొబ్బరితోట నీడగాలి లోపలికి వస్తుంది.

మా మనుమడి పాత గ్రాఫిక్స్ కార్డు ఆట మధ్యలో ఆగిపోసాగినప్పుడు, బాగుచేసే ఆయన కొత్తది కొనమన్నాడు. అది మా పింఛను కందే ధర కాదు. కార్డు విప్పి చూస్తే రేకుల నడుమ దుమ్ము మందంగా పేరుకుంది. చిప్పుకూ వేడిని లాగే లోహానికీ మధ్యనుండే పేస్టు ఎండి పెళుసుబారింది. దుమ్మును కుంచెతో దులిపి, ఎండిన పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, కొత్తది బఠాణీగింజంత పెట్టాము. అరిగిన చిన్న ఫ్యాన్లనూ పైనున్న ప్లాస్టిక్ తొడుగునూ తీసివేసి, పాత పెట్టెలోని 120 మిల్లీమీటర్ల ఫ్యానును ప్లాస్టిక్ పట్టీలతో కట్టాము. పెద్ద రెక్కలు నెమ్మదిగా తిరిగినా కావలసినంత గాలిని తోస్తాయి, రొద తక్కువ. పెట్టెకు ముందు గాలి వచ్చే దారి, వెనుక పోయే దారి విడిచాము. అదే వీధి గుమ్మం, పెరటి గుమ్మం! కార్డు మళ్ళీ ఆగలేదు.

ఒక హెచ్చరిక: కరెంటు తీసివేసి, ప్లగ్గు ఊడదీసిన తరువాతనే ఈ పనికి పూనుకోవాలి. గ్యారంటీ ఉన్న కార్డు జోలికి పోరాదు.

ఆనాడు మనుమడు అడిగాడు: "తాతయ్యా, పెట్టెకు కిటికీలు తెరిచాం సరే, మన మండువాను రేకులతో మూసేశామెందుకు?" వాన జల్లు పడుతోందని పదేళ్ళ క్రితం మూయించినవాణ్ణి నేనే. మరుసటి వేసవి రాకముందే ఆ రేకులు తీయించాను.