పుడ్డింగు నేర్పిన పాఠం

మార్చి 22 ప్రపంచ నీటి దినోత్సవం. ఆ పూట ఉపన్యాసాల్లో నదులుంటాయి, చెరువులుంటాయి. నీళ్లు మంచివో కావో తేల్చే గాజుపళ్లెం మాత్రం ఎవరికీ గుర్తురాదు.

వేల ఏళ్లు మనిషి నీటిని కంటితో, నాలుకతోనే పరీక్షించాడు. 17వ శతాబ్దంలో లీవెన్‌హుక్ నీటిబొట్టులో కదిలే జీవుల్ని చూశాడు. వాటిని విడివిడిగా పెంచే తేలికైన దారి దొరకడానికి మరో రెండు వందల ఏళ్లు పట్టింది. అందుకే తిన్నగా 1881 నాటి బెర్లిన్‌కు, రాబర్ట్ కాక్ ప్రయోగశాలకు వెళ్దాం.

అక్కడ పనిచేస్తున్న డాక్టర్ వాల్తర్ హెస్‌కు పెద్ద చిక్కొచ్చిపడింది. బ్యాక్టీరియాను జెలటిన్ మీద పెంచేవారు. వేసవి వేడికి అది కాస్తా నీరైపోయేది. కొన్ని బ్యాక్టీరియా దాన్నే తినేసేవి. ఆయన భార్య ఫ్యానీ చేసిన జెల్లీలు, పుడ్డింగులు మాత్రం ఎండల్లోనూ గట్టిగా నిలిచేవి. కిటుకేమిటని అడిగితే అగర్ అంది. న్యూయార్క్‌లో పెరిగిన రోజుల్లో, జావాలో ఉండొచ్చిన డచ్చివాళ్ల దగ్గర నేర్చుకుందట. మన కిరాణాకొట్లలో చైనాగ్రాస్ పేరుతో అమ్మేది ఆ సరుకే. దాన్ని కరిగించాలంటే 85 డిగ్రీలు దాటాలి. ఒకసారి గట్టిపడ్డాక 37 డిగ్రీల దగ్గర చెక్కుచెదరదు. భర్త పరిశోధనలకు బొమ్మలు గీసిపెట్టిందీ ఆవిడే. 1882లో కాక్ తన క్షయ పత్రంలో అగర్‌ను ప్రస్తావించాడు. హెస్ దంపతుల పేరు మాత్రం ఎత్తలేదు. మహానుభావులకూ మతిమరుపు ఉంటుంది మరి!

1887లో అగర్ పోసే గాజుపళ్లెం, పెట్రీ పళ్లెం, వచ్చింది. 1905లో మెకాంకీ అనే శాస్త్రవేత్త తన అగర్‌లో పిత్త లవణాలు కలిపాడు. పేగుల్లో బతికేవి తట్టుకుంటాయి, తక్కినవి చాలావరకు ఆగిపోతాయి. చక్కటి జల్లెడ.

కథ ఇక్కడ అడ్డం తిరిగింది. నీటిలో కలిపే క్లోరిన్ దెబ్బ తిన్న కోలిఫారమ్‌లు అనే పేగు బ్యాక్టీరియా ఆ పిత్త లవణాలకు తాళలేవు. ప్రాణంతో ఉండీ పళ్లెంలో మొలవవు. 1982లో శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం, కలరా బ్యాక్టీరియా సైతం ఇలా బతికుండీ పెరగకుండా ఉండగలదని చూపింది. మరుసటి ఏడే అమెరికాలో, దెబ్బతిన్న కోలిఫారమ్‌ల కోసం పిత్తం లేని ఎం-టీ7 అగర్ తయారైంది. 1985లో ఆర్2ఏ అగర్ వచ్చింది. లీటరుకు అర గ్రాము పెప్టోన్, అర గ్రాము గ్లూకోజ్, ఇలా పోషకాలన్నీ చిటికెడే. పళ్లేన్ని 20 లేదా 28 డిగ్రీల దగ్గర ఐదు నుంచి ఏడు రోజులు ఉంచాలి. లంఖణాలు చేసి లేచినవాడికి విందు కాదు, జావ పోయాలి కదా! పాలపొడిలో ఎండి నీరసించిన సాల్మొనెల్లా బ్యాక్టీరియాను వెతికేవారూ ముందు ఒక రాత్రంతా దాన్ని బఫర్డ్ పెప్టోన్ నీటిలో తేరుకోనిస్తారు.

ఇప్పుడు గంటల్లో జన్యువుల్ని పట్టే పీసీఆర్ ఉంది. కానీ అది చచ్చినవాటి జన్యువుల్నీ లెక్కలో వేసేస్తుంది. కనుక నీటి పరీక్ష రిపోర్టు చేతికొస్తే అంకె చూసి ఊరుకోకండి. ఏ అగర్ మీద, ఎంత వేడిలో, ఎన్ని గంటలు పెంచారో అడగండి.